అగ్గితెగులు కనబడకముందు

నేరేడుచర్ల దగ్గర ఒక వరిపొలం గట్టు. మాడిన ఆకుల మీదికి మిషన్ పట్టిన సైంటిస్టును ఆ పొలం గలామె నిలదీస్తోంది.

“గీ అగ్గితెగులు పోయిన వారమే నీ మిషన్‌ల కనబడ్డదా, సారూ?”

“కనబడిందమ్మా. మన కంటికి ఆకు పచ్చగా ఉన్నప్పుడే, దాని మీంచి వచ్చే వెలుతురులో తేడాను ఇది పట్టేస్తుంది.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“మీరు మందు కొడితే తెగులు ఆగిపోతుంది. అప్పుడు మిషన్ చెప్పింది నిజమో కాదో మాకెట్లా తెలుస్తుంది?”

“గది తెలుసుకోనీకె నా పొలం మాడబెట్టినవా? అప్పుడే చెప్తే సగం పంటన్న దక్కుతుండె గదా!”

“రిపోర్టు పూర్తయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని ఆర్డరమ్మా.”

“గట్లనా! అగో, గట్టవతల అన్నం తింటున్న మా ప్రమీల పొలం ఇంక పచ్చగనే ఉన్నది. పొద్దున దాని మీద గూడ మిషన్ పెట్టినవ్. ఏం జెప్పింది?”

అతను తల వంచుకుని మిషన్ వైరు చుట్టసాగాడు.

“నిన్నే సారూ, ఏం జెప్పింది?”

“చెప్పానుగా అమ్మా... ఆర్డరు.”

“నీ పరీక్షకు నా ఒక్క పొలం చాలు. ఓ ప్రమీలా! అన్నం తర్వాత తినొచ్చు, పంపు ఎత్తుకో! ఇప్పుడే మందు కొట్టు!”