గని బావిలో పడుతున్న మాట

తెల్లవారి మంచులో కేజీఎఫ్ బంగారు గనుల సైనైడ్ దిబ్బలు మేఘాల్లా తేలుతున్నాయి. ఊరి పాలకేంద్రం తలుపు తీసేదాకా తాతా మనవరాలూ బయట మెట్టు మీద కూర్చున్నారు.

"తాతా, మన వీధి పాలు కలిస్తే పెద్దవీధోళ్ల పాలు మైలంట. ఈ పొద్దు కూడా వేరే క్యాన్లో పొయ్యమంటారు."

"పోస్తావా?"

"పొయ్యను. అందరూ సమానమని రాజ్యాంగంలో ఉండాది కదా."

"ఉండాదమ్మీ. అది వచ్చిన దినమే మా మేస్త్రి గని బావిలోకి వంగి, గట్టిగా చదివినాడు. ఎంత లోతు బావి అది! ఆ మాట ఇంగా కిందికి పడతానే ఉండాది."

"గని మూసేసినారు కదా!"

"మూస్తే మాట ఆగుతాదా? నేలకు చెవి పెట్టి చూడు, గుయ్యిమంటా ఉంటాది."

"సాలు నీ కోతలు! మల్ల పైకెప్పుడొస్తాది?"

"గనిలో ఒక పద్ధతి ఉన్నింది. కిందోడు గంట కొడతాడు. పైనోడు జవాబు గంట కొడితేనే లిఫ్టు కదిలేది."

"అందరూ ఒకే లిఫ్టులోనా?"

"ఒకరి ఊపిరి ఒకరికి తగిలేది. ఆ చీకట్లో ఎవురిది ఏ వీధో యాడ తెలుస్తాది?"

తలుపు తెరుచుకుంది. ముందు నిలబడ్డ పెద్దవీధివాళ్లు వరసగా లోపలికి వెళ్లారు.

"అందరి క్యాన్లోనే పోస్తాను తాతా. వద్దంటే?"

తాత చేతికర్రతో ఆమె పాలక్యాను మీద టంగుమని కొట్టాడు.

"గంట నేను కొట్టినాను. పదమ్మీ. జవాబు వాళ్లు ఇయ్యాల."

లోపల నుంచి టంగుమని మరో చప్పుడు వచ్చింది. వరసలో ముందున్న పెద్దవీధి చిన్నవెంకటమ్మ అందరి క్యాను మూత తీసి పక్కన పెట్టింది.