నాలుగంగుళాల గొట్టం

దేవుడు బంగాళాదుంపకు కళ్ళిచ్చాడు గాని నోరివ్వలేదు. మిగిలిపోయిన ఆ నోరు ఎక్కడ పారేస్తాడు పాపం, తీసుకొచ్చి ఏలోయ్ నాడోకు అతికించాడు. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రం ఉత్తరపు కొసన, నదికి అవతల కెనడా, ఇవతల దుంప పొలాలు తప్ప మరొకటి కనిపించని ఆ లోయలో, అరవయ్యారేళ్ళ ఏలోయ్ నోటికి ఎదురు లేదు. ఆదివారం పూజ ముగిసి, చర్చి పక్క హాల్లో కాఫీ కాగి, జెర్మేన్ సిర్ పెనం మీద ప్లోయ్ అట్లు పొయ్యడం మొదలుపెట్టిందంటే చాలు, జనం కుర్చీలు ఏలోయ్ వైపు తిప్పుకునేవాళ్ళు.

ఆ రోజూ తిప్పుకున్నారు. కాని ఆ రోజు ఏలోయ్ గుండెలో రాయి పడి ఉంది.

హాలు తలుపు పక్కన మేకుకి ఒక ఇనప కడియం వేలాడుతుంటుంది. రెండుంబావు అంగుళాల కడియం. కోతలయ్యాక వచ్చే కృతజ్ఞతా పూజకి బలిపీఠం ముందు బుట్టెడు దుంపలు పెట్టడం ఆ ఊరి ఆచారం. బుట్టలోకి వెళ్ళే ప్రతి దుంపా ఆ కడియం మీద నిలబడాలి. జారి కింద పడిందా, అది కూరకే గాని దేవుడి దగ్గరికి కాదు. ఆ బుట్ట ఏలోయ్ తాత మోశాడు, తండ్రి మోశాడు, ఇరవై తొమ్మిదేళ్ళుగా ఏలోయ్ మోస్తున్నాడు. ఈ ఏడు జూన్ తర్వాత చినుకు పడలేదు. ఏలోయ్ కోటు కుడి జేబులో అతని పొలంలో పండిన వాటిల్లోకెల్లా పెద్ద దుంప ఉంది. అది కోడిగుడ్డు కంటే చిన్నది. చెయ్యి జేబులోంచి బయటికి రావడం లేదు. అట్టు కూడా ఎడమ చేత్తోనే తింటున్నాడు. బుట్ట సంగతి ఫాదర్ గారు ఈ పూటే అడుగుతారు.

అడిగేలోపే చెప్పెయ్యాల్సిన కథ ఒకటుంది.

"నేనేమీ ఘనకార్యం చెయ్యలేదండోయ్," అని మొదలుపెట్టాడు ఏలోయ్, చుట్టచుట్టిన అట్టును మేపుల్ పాకంలో ముంచుతూ. "కాకుల్ని తోలడానికి చిన్న ఫిరంగి చేశాను. ట్రాక్టరు టైర్లకు గాలి కొట్టే పంపు, ఒక గొట్టం, అంతే."

"ఎవరూ, నువ్వా?" అన్నాడు లుడ్జర్. ఏలోయ్ భార్యకి తమ్ముడు. బావ నోరు విప్పితే అడ్డం పడటమే అతని ఆదివారపు పని. "పోయినేడు కోళ్ళగూటికి గడియ బిగించబోయి లోపల ఇరుక్కుపోయింది నువ్వే కదా బావా? మా అక్క వచ్చి తలుపు తీసిందాకా కోళ్ళతో కాపరం చేశావు."

"నేనే! కోళ్ళు కూడా నన్ను చూసి జాలిపడ్డాయి, ఒక పెట్ట తన చోటు ఖాళీ చేసి కూర్చోమంది. నా తెలివి నాకు తెలీదా బామ్మర్దీ? దేవుడు బుర్రలు పంచుతుంటే నేను పొరపాటున టోపీల వరసలో నిలబడ్డాను. అందుకే బుర్ర లేకపోయినా టోపీ మాత్రం బాగా కూర్చుంటుంది."

హాలు గొల్లుమంది. ఇదే ఏలోయ్ కిటుకు. తనని తాను అంతగా చితక్కొట్టుకుంటాడు గనక ఎదుటివాడికి కొట్టడానికి చోటు మిగలదు. తన బుర్రని తిట్టుకుంటాడు, మీసాన్ని తిట్టుకుంటాడు, పాట పాడితే పక్కూరి కుక్కలు ఏడుస్తాయని తనే చెప్పుకుంటాడు. దుంపను మాత్రం పల్లెత్తు మాట అనడు.

"గొట్టం కోసం ఇనప సామాన్ల కొట్టుకెళ్ళాను. ఒకటిన్నర, రెండు, మూడు, నాలుగంగుళాలవి వరసగా నిలబెట్టి ఉన్నాయి. కొట్టువాడు ఏమన్నాడో తెలుసా? 'రెండంగుళాలది తీసుకో మావా. దుంప గొట్టంలో బిగిసి కూర్చోవాలి, సందుంటే గాలంతా పక్కల్నుంచి పోతుంది' అన్నాడు. రెండంగుళాలా! మా దుంపలకా! ఏనుగుకి చొక్కా కుట్టమంటే పిల్లి నడుము కొలిచినట్టుంది. 'ఒరే నాయనా, మా దుంప దాంట్లో పట్టాలంటే ముందు అది నెల్లాళ్ళు ఉపవాసం చెయ్యాలి' అని చెప్పి నాలుగంగుళాలది భుజాన వేసుకొచ్చాను."

ఆ కొట్టులో నిజంగా జరిగింది వేరు. కొట్టువాడి మాట సబబేనని ఏలోయ్‌కి తెలుసు. రెండంగుళాల గొట్టం చేతిలోకి తీసుకున్నాడు కూడా. మనసులో అయితే ఒకటిన్నర అంగుళాల దాని వైపే చూశాడు. కాని వెనక లుడ్జరూ, మరో ఇద్దరు రైతులూ మేకులు కొనడానికి నిలబడి ఉన్నారు. ఆ లోయలో గొట్టం కొలత అడగడమంటే పొలంలో దుంప కొలత ఒప్పుకోవడమే. ఎవడైనా దుంపకి తగ్గ గొట్టం కొంటాడు. ఏలోయ్ పరువుకి తగ్గది కొన్నాడు.

"నాలుగంగుళాల దాంట్లో దుంప బిగిసిందా ఏలోయ్?" పెనం దగ్గర్నుంచి జెర్మేన్ అడిగింది. ఏలోయ్ పొలానికీ ఆమె పొలానికీ మధ్య ఒక్క తీగ కంచే అడ్డు. డెబ్బై దాటినా ట్రాక్టరు తనే తోలుతుంది. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"బిగిసిందా అంటావేంటి జెర్మేనక్కా! సుత్తి పెట్టి దిగ్గొట్టాను. సుత్తి పిడి విరిగింది. మొదటి దుంప పేల్చాను చూడండీ, దిష్టిబొమ్మ నెత్తిన టోపీ ఎగిరిపోయింది."

"గురి బాగానే ఉందే," అన్నారెవరో.

"గురా నా మొహమా! నేను గురిపెట్టింది కాకికి. అది పక్కన కూర్చుని నవ్వింది. సరేనని రెండో దుంప దిగ్గొట్టి, పంపు ఇంకాస్త కొట్టాను. అది పొలం దాటి, రోడ్డు దాటి, నది దాటి కెనడాలో దిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్కడి సరిహద్దు అధికారి దాన్ని ఆపి, 'ఎక్కడి నుంచి వస్తున్నావు, ఎన్నాళ్ళుంటావు, వెంట పళ్ళూ కూరగాయలూ ఏమైనా తెచ్చావా' అని అడిగాడట!"

"దుంప ఏం చెప్పింది బావా?"

"నా దుంప కదా, నాకున్నంత బుర్రే ఉంటుంది. ఏమీ తేలేదని అబద్ధం చెప్పింది. లోపల పెట్టారు."

కాఫీ పొరబోయి ఒకాయన దగ్గాడు. ఏలోయ్‌కి ఊపొచ్చింది. జేబులో చెయ్యి మాత్రం అలాగే ఉంది.

"మూడోది అసలైంది. అదెంత వేగంగా పోయిందంటే, గాలి రాపిడికి తొక్క ఊడిపోయి, దారిలోనే కాలి, ఘుమఘుమలాడుతూ పోయింది. అవతలి ఒడ్డున ఒక కుటుంబం భోజనాల బల్ల దగ్గర కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారట. 'మా అనుదిన ఆహారము' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన పళ్ళెంలో ధబ్బుమని పడింది! ఆయన కళ్ళు తెరిచి, దాన్ని చూసి, మళ్ళీ కళ్ళు మూసుకుని ఏమన్నాడో తెలుసా? 'ప్రభువా, వెన్న?' అన్నాడు."

"పంపావా మరి?"

"పంపక! అడిగింది నన్ను కాకపోయినా విన్నది నేనే కదా. వెన్నముద్ద పేల్చాను. అది కాస్త పక్కకు పోయి వాళ్ళ పిల్లికి తగిలింది. చెప్పాను కదా, గురి నా వంట్లో లేదు. ఆ పిల్లిని మూడ్రోజులు ఊళ్ళో కుక్కలన్నీ ప్రేమగా నాకాయట."

జనం బల్ల చరిచి నవ్వుతున్నారు. అప్పుడే చేతిలో కాఫీతో ఫాదర్ జెర్వే వచ్చి చివరి కుర్చీలో కూర్చున్నాడు. పట్నంలో పుట్టి పెరిగిన మనిషి, ఆ లోయకి వచ్చి రెండేళ్ళే అయింది. దుంప కథల్లో ఏది ఉడికిందో ఏది పచ్చిదో ఆయనకింకా తెలీదు. ఆయన్ని చూడగానే ఏలోయ్ గొంతు ఒక మెట్టు పైకెక్కింది.

"ఇక ఆఖరిది. మా కొట్టంలో ఉన్న వాటిల్లో మహారాజు. దాన్ని మొయ్యడానికి నేనూ మా ఆవిడ లియోనీ ఇద్దరం కావలసొచ్చింది. దిగ్గొట్టి, మూతి పైకెత్తి, పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా గాలి కొట్టాను. పేలింది చూడండీ, ఆ దెబ్బకి నేను వెనక్కి పోయి కొట్టానికి తగిలాను. కొట్టం గిర్రున తిరిగింది. అప్పటిదాకా తూర్పున ఉన్న తలుపు ఇప్పుడు దక్షిణాన ఉంది, ఆవులు ఇప్పటికీ గోడకి కొట్టుకుంటున్నాయి. దుంప మాత్రం కిందికి రాలేదు. ఒక పూట చూశాను, రెండు పూటలు చూశాను. మొన్న పున్నమి నాడు చంద్రుణ్ణి గమనించారా? కుడిచెంప మీద కొత్త మచ్చ!"

ఫాదర్ జెర్వే కళ్ళు మెరిశాయి. "అంటే ఈ ఏడు పంట బాగుందన్నమాట! కరువు కరువని అందరూ అంటుంటే దిగులుపడ్డాను. నాలుగంగుళాల గొట్టంలో బిగిసిన దుంపలకి ఇక కడియం ఎందుకు? వచ్చే ఆదివారం బుట్ట మీదే కదా ఏలోయ్ గారూ?"

ఏలోయ్ పొద్దున్నుంచీ తోలుకొస్తున్న బండి చేరాల్సిన చోటు ఇదే.

"అదే కదా ఫాదర్ నా ఏడుపు!" అన్నాడు తల కొట్టుకుంటూ. "బుట్టకని దాచిన పెద్ద దుంపలన్నీ ఆ పిచ్చిలో పేల్చేశాను! ఒక్కటి మిగిలితే ఒట్టు! ఇంట్లో ఉన్నవన్నీ పిల్లకాయలే. దేవుడికి పెట్టాల్సింది చంద్రుడికి పెట్టిన మూర్ఖుణ్ణి. ఆయన... ఆయనే క్షమించాలి."

చంద్రుడి దాకా బొంకినా తడబడని నాలుక, ఆ ఆఖరి మాట దగ్గర తడబడింది. లుడ్జర్ దగ్గర కోతలు కొయ్యడం వేరు. వెనక గోడ మీద సిలువ వేలాడుతుండగా ఫాదర్ మొహంలోకి చూసి దేవుడి పేరెత్తడం వేరు. ఏలోయ్ చెవులు ఎర్రబడ్డాయి.

పెనం మీద అట్టు చుయ్యిమంది. జెర్మేన్ పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని, తలుపు దగ్గరికి నడిచి, మేకుకున్న కడియం తీసింది.

"ఇదంతా మొన్న గురువారమే కదూ ఏలోయ్?"

"ఆ... గురువారమే అక్కా."

"కంచె దగ్గర తీగ బిగిస్తున్నాను. పొదలు అడ్డంగా ఉండబట్టి నీకు కనపడలేదు," అంది జెర్మేన్, రుచి చూసి ఉప్పు తక్కువైందని చెప్పినంత నెమ్మదిగా. "దుంప గొట్టంలో వేశావు. బావిలో గులకరాయి పడ్డట్టు గలగలమంది. గాలి వదిలావు. తుస్సుమంది. దుంప మెల్లగా మూతి దాకా వచ్చి, అటూ ఇటూ తొంగి చూసి, నీ బూటు మీద పడింది. ఆరుసార్లు చూశాను. ఏడోసారి నువ్వు దాన్ని కాలితో తన్నావు. ఆ ఒక్కటే కంచె దాటింది."

ఏప్రన్ జేబులోంచి ఒక దుంప తీసింది. నిమ్మకాయంత. ఏలోయ్ ముందు కడియం పట్టుకుని, అందులో వదిలింది. దుంప అంచుకి తగల్నైనా తగల్లేదు. నేరుగా వచ్చి అతని కాఫీలో పడింది.

"ఇదిగో నీ చంద్రుడి మచ్చ."

హాలు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వింది. అందరికంటే గట్టిగా లుడ్జర్ నవ్వాడు, కళ్ళ నీళ్ళు కారేలా. ఏలోయ్ మీసాల నిండా కాఫీ చిందింది. తుడుచుకోలేదు. పొద్దున్నుంచీ దాచిన కుడి చెయ్యి బయటికి తీసి, అరచెయ్యి తెరిచాడు.

"అది నా దుంపే అక్కా," అన్నాడు. గొంతులో కోత లేదు. "పొలమంతా రెండుసార్లు తిరగేస్తే దొరికిన పెద్దది ఇది. నన్ను నేను లక్ష తిట్లు తిట్టుకోగలను గాని, దీన్ని పట్టుకుని చిన్నదనడానికి నోరు రాలేదు. ఫాదర్, ఈ ఏడు బుట్ట నాది కాదు." తనే దాన్ని కడియంలో వదిలాడు. టప్పున నేల మీద పడి దొర్లింది.

లుడ్జర్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"నవ్వుతున్నావు సరే," అంది జెర్మేన్ అతని వైపు తిరిగి, "నీ ఎడమ చెయ్యి కూడా పొద్దున్నుంచీ జేబు వదల్లేదేం లుడ్జర్?"

నవ్వు ఠక్కున ఆగింది. లుడ్జర్ ఆవిణ్ణి చూశాడు, ఫాదర్‌ని చూశాడు, బావని చూశాడు. తీశాడు. అది ఏలోయ్ దానికంటే చిన్నది. కడియం దాకా కూడా తీసుకెళ్ళకుండా బల్ల మీద పెట్టాడు. ఆ పక్కన కూర్చున్నాయన గొంతు సవరించుకుని, కోటు గుండీ విప్పి, లోపలి జేబులోంచి ఒకటి తీశాడు. ఆ వెనకాయన టోపీలోంచి తీశాడు. ఎవరూ చూడకుండా కడియంలో పెట్టి కొలుచుకుందామని ఊళ్ళో రైతులంతా ఆ ఆదివారం తలా ఒక దుంప మోసుకొచ్చారు. అన్నీ జారిపోయేవే. ఆఖరున జెర్మేన్ ఏప్రన్ రెండో జేబులోంచి తనది తీసి కుప్పలో వేసింది. అదీ ఏమంత పెద్దది కాదు.

ఫాదర్ జెర్వే వంగి, నేల మీద దొర్లినదాన్ని తీసి, బల్ల మీది వాటినీ ఒక్కొక్కటే ఏరి రొట్టెల బుట్టలో వేశాడు. "మరి కడియం మాట?" అన్నాడు మెల్లగా.

"కడియం పెట్టింది మనం, వాన ఆపింది ఆయన," అంది జెర్మేన్. "ఇచ్చినంతే కదా చూపించగలం. సిగ్గెందుకు?"

బుట్ట నిండలేదు గాని అడుగు మాత్రం కనపడటం లేదు. దాన్ని ఎవరు మొయ్యాలో తోచక ఫాదర్ చుట్టూ చూశాడు. ఏలోయ్ చూపు కాఫీ కప్పులో మునిగిన దుంప మీదే ఉంది. జెర్మేన్ కడియాన్ని మళ్ళీ మేకుకి తగిలించి వచ్చి, బుట్ట తీసి అతని ఒళ్ళో పెట్టింది.

"ఎప్పట్లాగే నువ్వే మొయ్యి తమ్ముడూ," అంది, పెనం వైపు తిరుగుతూ. "సగం చంద్రుడి మీదే ఉంది కదా, బరువుండదులే."