ఎండంతా తాగేసిన క్రోటన్

"ఏమోయ్ దర్జీ, ఆ జాకెట్టు మళ్ళీ కుట్టుకోవచ్చు, ముందు టీ తాగు. మీ అక్క క్రోటన్‌ని చావు నోట్లోంచి లాగింది ఎవరనుకున్నావు?"

బావ మొదలెట్టాడు. వరండాలో ఆయన పక్కనే కుండీ ఉంది.

"పోయినేడు గుండె ఆపరేషన్‌కి వెళ్తూ మీ అక్క తన సంగతి ఒక్క ముక్క అనలేదోయ్, 'నా మొక్క జాగ్రత్త' అంది. అప్పట్లో అది పడగ్గది మూల చీకట్లో ఉండేది. వారం తిరక్కుండా ఆకులు వేలాడేసింది. గుప్పెడు ఎరువు వేశా. ఇంకా వాడింది. ఇంకో గుప్పెడు వేశా."

"మాడిపోదూ బావా?"

"అదే చెప్తున్నా! అప్పుడు తట్టింది. ఆకంటే వంటిల్లోయ్. వెలుగు పొయ్యి, ఎరువు ఉప్పూకారం. పొయ్యి వెలిగించకుండా ఉప్పు గుమ్మరిస్తే ఎవడు తింటాడు? కిరణజన్య సంయోగక్రియ అంటే అదే. మట్టిలో ఎరువంతా కారిపోయేదాకా నీళ్ళు పోసి, ఇదిగో, ఈ పొద్దుటెండలో పెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పచ్చాకుల్లో ఎరుపూ పసుపూ పొంగుకొచ్చాయి!"

"ఎన్నాళ్ళకి?"

"నాళ్ళేమిటి, నేను పళ్ళు తోముకుని వచ్చేలోపు! మర్నాటినుంచి వీధిలో ఎవరి బట్టలూ ఆరలేదు. ఎండంతా ఇదే తాగేస్తే ఎలా ఆరతాయి? ఇక ఇది వదిలే ప్రాణవాయువు! ఆసుపత్రివాళ్ళు పరుగెత్తుకొచ్చి మా కిటికీలోంచి గొట్టం వేసుకుపోయారు. ఆపరేషన్ బల్ల మీద మీ అక్క పీల్చింది ఈ గాలే. అందుకే... అందుకే బతికింది."

బావ కుండీ అంచుకంటిన మట్టి తుడిచాడు.

టీ గ్లాసుల కోసం వచ్చిన అక్క గుమ్మంలోనే ఆగింది.

"ఏవండీ, వెలుగు తగిలితే రంగు మారుతుంది, సరే. నా మొక్కవి అరచేయంత ఆకులు. వీటిని రిబ్బన్లలాగా కత్తిరించిందెవరు, మా తమ్ముడా?"

బావ ఖాళీ గ్లాసులోకి చూశాడు.

"ఇది కొత్త మొక్కని ఎప్పుడు తెలిసింది?"

"ఆసుపత్రినుంచి నన్ను ఇంటికి పంపించిన రోజే."

"మరి అనలేదేం?"

"వార్డు గుమ్మంలో ఈ కుండీ ఎత్తుకుని నిలబడ్డారు. గడ్డం మాసిపోయి, చొక్కా గుండీలన్నీ తప్పు పెట్టుకుని. ఆ మనిషిని చూడనా, ఆకులు చూడనా?"

అక్క గ్లాసులు తీసుకుంది.

"కాస్త జరగండి, నా మొక్కకి ఎండ అడ్డొస్తున్నారు."