ఎరుపు చూడని ఫిల్ము

దీపం వెయ్యమని ఎన్నిసార్లు సైగ చేస్తారు బావగారూ? వెయ్యనని చెప్పాను కదా. ఆ చెయ్యి దించండి. స్విచ్చు మీకు అందదు.

నా గొంతు పట్టుకోకుండా ఉండాల్సింది. మంజూషక్కను పట్టినట్టే పట్టారు, అదే చేత్తో. కెమెరా స్టాండు చేతికి దొరికింది, కొట్టాను. మీ తల తొట్టి అంచుకు తగులుతుందని అనుకోలేదు. తగిలాక జాలిపడ్డానా అంటే, అదీ లేదు. గడియపెట్టి ఫిల్ము కడగడం మొదలుపెట్టాను.

దానికోసమేగా ఎర్రమంజిల్ నుంచి ఈ అమీర్‌పేట స్టూడియోదాకా పరుగెత్తుకొచ్చారు?

అక్క మెడను ముందు ఫోన్లో తీశాను. వకీలు వనితగారు చూసి, "గిందుల ఏం కనవడ్తలేదమ్మా. ఎండకు ఎర్రగైందనుకుంటరు" అన్నారు. ఫోను అంతే, అందరినీ నునుపు చేస్తుంది.

తర్వాత అన్ని రంగులూ చూసే ఫిల్ము మీద తీశాను. పెళ్లికూతుళ్ల మొటిమలు మాయంచేసే ఎర్ర ఫిల్టరు ఉంటుంది చూడండి, చేతి అలవాటుకొద్దీ అదే లెన్సుకు తగిలించాను. మొటిమల్లాగే మీ వేళ్లూ మాయమయ్యాయి. ఎంత మంచివారై బయటపడ్డారో.

మా అమ్మమ్మ చెప్పేది. ఒక కోటకు ఇద్దరు కాపలాదారులట. ఒకడికి ఏడు కళ్లు, ఇంకొకడికి ఒకటే. దొంగ పడిన రోజు ఏడు కళ్లవాడు ఏడు దిక్కులు చూపించాడట. ఒంటికన్నువాడు తిన్నగా వెళ్లి జుట్టు పట్టుకున్నాడట.

మా తాతయ్య లెన్సు పాతది. నీలాన్ని ఒకచోట నిలిపితే ఎరుపును మరొకచోట నిలుపుతుంది. అన్నీ చూసే ఫిల్ము మీద అంచులు అలుక్కుపోతాయి. ఎరుపు చూడని ఫిల్ముకు ఆ బెడద లేదు, గీత గీసినట్టు వస్తుంది. తాను చూడలేని ఎరుపును ఫోటోలో నల్లగా దించుతుంది. అలాంటిది నా దగ్గర ఒక్కటే మిగిలితే, దాని మీద మళ్లీ అక్క మెడను తీశాను. అక్క మెడ మీద మచ్చలు ఈపాటికి మానిపోయాయి. ఇక సాక్ష్యం ఇదొక్కటే.

అదుగో, ట్రేలో. నెగిటివ్ కదా, చర్మమంతా నల్లబడింది. మీ వేళ్లు పడ్డచోటల్లా ఖాళీ. బొటనవేలు ఇక్కడ. ఉంగరం రాయి, మూలలతో సహా. ఇంత స్పష్టంగా మీ పెళ్లి ఫోటో కూడా రాలేదు.

ఉండండి, మెట్రో పోతోంది. ట్రే వణుకుతోంది.

నెత్తురా? నాకు కనబడటం లేదు. ఫిల్ముకు హాని చెయ్యదని పెట్టుకున్న ఈ ఎర్ర వెలుగులో ఎర్రటిదేదైనా తెల్ల టైల్స్‌లో కలిసిపోతుంది. చెప్పుల కింద జిగురు మాత్రం తెలుస్తోంది.

ఆస్పత్రికి నేనే పంపిస్తాను. ట్రేలోని మందుకు ఫిల్ము మీద పాలపొర కరగనివ్వండి. అది కరక్కముందు తలుపు తీసినా, ఫోను వెలిగించినా అంతా మసిబారిపోతుంది. మీకు కావలసింది అదేననుకోండి.

కళ్లు మూయకండి. మీరు నొక్కుతున్నంతసేపూ అక్క మూయలేదట. ఎప్పుడు వదులుతారోనని మీ ముఖమే చూస్తూ ఉందట.

ఒక మాట చెప్పనా? పాలపొర ఎప్పుడో కరిగిపోయింది బావగారూ. స్విచ్చు నా వీపు వెనకే ఉంది.