ఆయిల్ ఊరే ట్రాక్టరు

“అమ్మను! మా బావమరిది పాత ఇనుము కొనేవాణ్ణి వెంటేసుకుని వస్తున్నాడట, రానీ. ఇద్దరికీ టీ తాగించి పంపిస్తాను గానీ ట్రాక్టరు మాత్రం ఇవ్వను. ముసలిదైపోయిందట, ఆయిల్ తాగేస్తోందట! వాడి మొహం, వాడికేం తెలుసు?”

టీ కొట్టు బల్ల మీద గొంతు పెంచినవాడు పొగ మావ. ఆ పేరు తెచ్చిపెట్టిన ట్రాక్టరు ఎదురుగానే ఉంది.

“ఒప్పుకుంటాను, ఒకప్పుడు తాగేది. ఒక చాలు దున్నేసరికి వెనకాల నీలం పొగ. నీలం పొగొచ్చిందంటే ఆయిల్ మండుతున్నట్టే కదా. మెకానిక్కేమో ఇంజన్ విప్పాలన్నాడు. విప్పడం ఎవడైనా విప్పుతాడు, మళ్ళీ బిగించాక నాలుగు బోల్టులు మిగిలితే ఎవడిది పూచీ? విప్పనివ్వలేదు. ఆయిల్ కొట్టుకెళ్ళి డబ్బా వెనకాల అక్షరాలు చదివాను. పల్చటిది కొత్త ఇంజన్లకి, అరిగినదానికి కాస్త చిక్కటిది పడాలి. పోశాను. పొగ సగానికి సగం తగ్గింది.”

“ఇందులో వింతేముంది? నేనూ అదే పోస్తున్నా,” అన్నాడు ఇటుకల ట్రాక్టరు తోలేవాడు.

“నువ్వు పోయడం వేరు, నేను పోయడం వేరు. నాకు పొగ పూర్తిగా ఆగిపోయింది. మా ఆవిడ తెల్లచీర సైలెన్సరుకి కట్టి పొలమంతా దున్నితే, చీర ఉతికినదానికంటే తెల్లగా వచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయిల్ తగ్గడమే మానేసింది! ఆయిల్ కంపెనీ పెద్దాయన కారేసుకుని వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. ‘బాబ్బాబు, ఈ సంగతి బయటికి పొక్కనివ్వకండి, మా పిల్లలు వీధిన పడతారు’ అని ఒకటే ఏడుపు. పో పొమ్మన్నాను.”

“కళ్ళు తుడిచావా, అదీ లేదా?” అన్నాడు టీ కొట్టాయన.

“వినవయ్యా! తగ్గడం మానేసి ఊరుకుందా? పెరగడం మొదలెట్టింది. ఆయిల్ కొలిచే గేజీ కడ్డీ తీసి చూస్తే గీత దాటి పైకొచ్చేసింది. చెంబుతో తీస్తే చెంబుడు, బిందెతో తీస్తే బిందెడు! మొన్న గేటు దగ్గర రైలాగిపోతే డ్రైవరు ఖాళీ డబ్బా పట్టుకుని నా దగ్గరికే పరిగెత్తుకొచ్చాడు. పోసి పంపించాను. ఆ రైలు ఇంకా ఆగలేదు. స్టేషన్లలో కూడా ఆగట్లేదు, ఎక్కినవాళ్ళు దిగలేక లబోదిబోమంటున్నారు!”

“మావా, రైలు సంగతి నమ్ముతాను,” అన్నాడు ఇటుకలవాడు. “ఆయిల్ పెరిగిందంటే మాత్రం నమ్మను.”

బల్లంతా ఘొల్లుమంది. పొగ మావకి తిక్క రేగింది. తాళం తీసి గాల్లో ఊపాడు.

“నమ్మవా? కడ్డీ తీసి చూసుకోండి! ఇప్పుడే స్టార్ట్ చేసి బావమరిది వచ్చేలోపు పొలం దున్నేసి వస్తాను. అప్పుడెవడు పాత ఇనుము అంటాడో చూస్తా!”

పొగ మావని ఇంటికి పిలవడానికొచ్చిన ఆయన భార్య ఆ మాట విని నేరుగా ట్రాక్టరు దగ్గరికి నడిచింది. కడ్డీ లాగింది, గుడ్డతో తుడిచింది, మళ్ళీ ముంచి తీసింది. ఆయిల్ నిజంగానే గీత దాటి ఉంది.

“చూశారా!” అని గంతేశాడు పొగ మావ.

ఆవిడ వేళ్ళకంటిన ఆయిల్ని ఆయన ముక్కు దగ్గర పెట్టింది. “వాసన చూడు.”

“డీజిల్...”

“డీజిల్ పంపు సీలు పోయిందయ్యా. డీజిల్ కారి ఆయిల్లో కలుస్తోంది. నీ చిక్కటి ఆయిల్ కాస్తా నీళ్ళలా పల్చబడిపోయింది. ఇప్పుడు స్టార్ట్ చేశావంటే బేరింగులు పట్టేసి ఇంజన్ బిగుసుకుపోతుంది. మా తమ్ముడొచ్చేలోపు నువ్వే దీన్ని పాత ఇనుము చేసేవాడివి. తాళం ఇటియ్యి.”

పొగ మావ తాళం ఆవిడ చేతిలో పెట్టాడు గానీ తల మాత్రం దించలేదు.

“అయినా సరే, అమ్మను.”

“ఎవరు అమ్మమన్నారు? సీలు మార్పిద్దాం, ఆయిల్ మార్పిద్దాం. మా తమ్ముడితో నేను మాట్లాడతాను.”

“నేనూ చెబుతాను, పెరిగిందన్న మాట నిజమే కదా!”

“నిజమే. అందుకే నువ్వు నోరు తెరవకు. నీ నోట పడితే అదీ కోతల్లో కలిసిపోతుంది.”