తలుపు లేని అర్ర

ఇంటి నక్షా మళ్ల మార్పిచ్చినవా బిడ్డా? మార్చుకో, నాదేం బోయింది. గని ఒకటి పెంచినప్పుడల్ల ఇంకోటి యాడ తగ్గిందో జర సూస్కో. మా ఖానాపూర్‌ల భూపాల్‌రావు దొర సూస్కోలే. పోలీస్ యాక్షన్ అయినంక కొన్నేండ్లకు పెద్దిల్లు కట్టిండు, నేను ఆడ సున్నం కలుపుతుంటి. ఆయన అక్క రాధాబాయి. పెండ్లయిన ఏడాదికే మొగడు సచ్చి పుట్టింటికొచ్చింది, తల్లి లేని తమ్మున్ని సంకనెత్తుకొని సాదింది. పొయ్యి పక్కన పండేది పాపం. "అక్కా, కొత్తింట్ల తూర్పు అర్ర నీదే, తలుపేసుకొని నిమ్మలంగ పండు" అన్నడు దొర. ఆమె మస్తు సంబురపడ్డది.

ముగ్గు పోసి గోడలకు గుర్తు వెట్టేనాడు సుట్టాలంత వచ్చిరి. బొట్టు లేనామె రావద్దంటరు గద, రాధాబాయి పాతింట్లనే కూసున్నది. దొరసానేమో, "దేవునర్ర గింతేనా? నలుగుట్ల నవ్వుబాటు" అన్నది. దొర కాలితోని ముగ్గు చెరిపి తూర్పుకు జరిపిండు. బామ్మర్ది మీసం తిప్పుకుంట, "బైఠక్‌ల పది కుర్చీలు పట్టకుంటే ఏం దొరవు బావా!" అన్నడు. మళ్ల చెరిపిండు. ఎవ్వరినీ కాదననోడాయె. వద్దనేటామె ఆడ లేకపాయె. మా మేస్త్రి సిద్దిరాములు, "దొరా, తూర్పు అర్ర నడవ తీర్గయితుంది" అంటే, "ముందుగల్ల కానియ్, తర్వాత సూద్దాం" అన్నడు. ఏం సూసిండు, నా తలకాయ!

ఇల్లు పూర్తయి పాలు పొంగినంక, సుట్టాలు బంతిల కూసున్నంక, మూట వట్టుకొని వచ్చింది ఆమె. "తమ్మీ, నా అర్ర యాడరా?" ఇటు దేవునర్ర, అటు బైఠక్, నడుమ గా సందు. తలుపెక్కడిది! ఆమెకు తెల్సిపాయె. మంది ముంగట తమ్ముని మొకం సూసి, గాడ్నే మూట దించి, "మంచిగుందిరా, గాలొస్తది" అన్నది. దొర సిగ్గుతోని సచ్చిండు బిడ్డా. విస్తార్ల అన్నం ముట్టలే.

కూలగొట్టి కట్టియ్యచ్చు గద అంటవా? కట్టిస్తనన్నడు. ఆమెనే, "నాకోసం కొత్త గోడ కూలగొడ్తవా, మంది ఏమంటరు" అని ఒప్పుకోలే. గాడ్నే పండేది. ఎవ్వలు దాటినా కాళ్లు ముడుసుకునేది. దొర పండుకునే అర్రకు గా సందులకెంచే పోవాలె. ఆయన పోలే. ఎన్క గోడకు తలుపు వెట్టిచ్చుకొని, వానైనా సలైనా, బయటికెంచి సుట్టు తిరిగి పోయేటోడు. ఆమె సచ్చిపోయినంక గూడ గంతే. ఒకనాడు తడుసుకుంట పోతుంటే నేనే అడిగిన, "ఇంకెవ్వలున్నరు దొరా లోపట?" అని.

"కాళ్లు ముడుసుకుంటదిరా" అన్నడు.

...సరే తియ్యి. మబ్బు వట్టింది, గా బట్టలు లోపటెయ్.