బతికున్నోనికి దండ

హలో… ఆ, వినోదనే మాట్లాడుతున్న. చెప్పు బాలరాజన్నా.

…రాను. మీ సభ మీరు జేస్కోండ్రి.

…సూసిన. షామీర్‌పేట బస్టాండ్ కాడ నీ ఫ్లెక్సీ మస్తుగున్నది. నీ ఫొటో నిలువెత్తు, మా ఆయనది అగ్గిపెట్టంత. దాని సుట్టు దండ. కింద జోహార్లు.

…తప్పేందంటవా? జోహార్లు ఎవలికంటరన్నా? సచ్చినోళ్లకు. మా అన్వేష్ సచ్చిండని నీకెవలు జెప్పిన్రు?

…పేపరోడా! పేపరోడు గా హెలికాప్టర్‌ల కూసోని పోయి సూసొచ్చిండా?

…నాకు ఆఫీసర్లు చెప్పింది వేరే. బార్డర్ అవతల చిక్కిన సిపాయిలను తెచ్చెటందుకు మా ఆయనోళ్లు హెలికాప్టర్‌ల పోయిన్రు. తాడు వట్టుకొని కిందికి దిగింది మా ఆయన. ఆఖరుకు మిగిలిన సిపాయి వీరేందర్‌ను తాడుకు కట్టి పైకి పంపిండు. గంతల కాల్పులు మొదలైనయ్, హెలికాప్టర్ ఆగలే. మా ఆయన ఆడనే ఉండిపోయిండు. ఎతుకుతున్నం అన్నరు. సచ్చిండు అనలే.

…ఏంది? బొట్టు జర సిన్నగ పెట్టుకొని రావాల్నా? గిది నీ తెలివా, వదినదా?

…ఆ, పెద్ద నాయకుడొస్తుండు, స్టేజి మీద ఏడ్సెటోళ్లు ఒకలు గావాలె. కిరాయికి తెచ్చుకో.

…వీరేందర్ ఆడనే ఉన్నడా? స్టేజి మీదనా? ఫోనియ్యి. …ఇయ్యన్నా.

…తమ్మీ, నేను అన్వేష్ భార్యను. …ఏడ్వకు. ఏడ్సుడు తర్వాత. నిన్ను పైకి గుంజుతుంటే కిందికి సూసినవా?

…పడి ఉన్నడా, నిలవడ్డడా?

…ఉరుకుతుండెనా? చెట్ల దిక్కు? …రెండు కాళ్ల మీదనేనా? మంచిగ సూసినవా?

…ఆఫీసర్లకు చెప్పినవ్, సరే. మరి ఆడ ఆయన దండ ఫొటో పక్కన నోరు మూసుకొని ఎట్ల కూసున్నవ్? అందరు సచ్చిండనుకుంటే ఎతికెటోళ్లు గూడ బంద్ జేస్తరు తమ్మీ. నాకు గదే బుగులు.

…ఏందీ, బాలరాజన్న కోపానికొస్తడా? తూటాల నడుమ ఉన్నోనివి, బాలరాజన్నకు భయపడ్తున్నవా?

…మైకు నీ ముంగటనే ఉన్నది గదా. నాకు చెప్పిందే అండ్ల చెప్పు. నేను కట్ చెయ్య, ఇంటుంట.

…ఆ… ఇనవడ్తాంది. …బతికున్నడు అను. పేరు వెట్టి చెప్పు. …ఇంక గట్టిగ…

మైకు ఎవలు బంద్ జేసిన్రు? …తమ్మీ? …బాలరాజన్నా?

…హలో?